‘కొత్త ప్యాడ్లు వేశాను’ అంటున్నాడు... నమ్మొచ్చా?

ప్రశ్న: మాది చోడవరం. పాడేరు దగ్గర ఒక ఊళ్లో టీచరుగా చేస్తున్నాను. ఇన్నాళ్లూ బస్సులో, షేర్ జీపులో వెళ్లొచ్చేవాణ్ని. టైముకి చేరలేకపోతున్నానని సెకండ్ హ్యాండ్ బండి కొందామనుకుంటున్నా. అనకాపల్లిలో మా తోడల్లుడి స్నేహితుడు 2019 ఆగస్టులో రిజిస్టరైన పల్సర్ 150 అమ్ముతానంటున్నాడు. ముందు డిస్క్, వెనక డ్రమ్. 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ మాకు తెలిసిన మెకానిక్ విని బాగుందన్నాడు. బ్రేకుల మాటెత్తితే మాత్రం ‘మొన్ననే కొత్త ప్యాడ్లు వేశాను, చూడక్కర్లేదు’ అంటున్నాడతను. రోజూ ఘాట్ ఎక్కి దిగాల్సినవాణ్ని, నాకు బ్రేకులంటేనే టెన్షన్. మెకానిక్ పని తెలియనివాడు బ్రేకులు ఎలా చూసుకోవాలి? గట్టిగా అడిగితే తోడల్లుడు ఏమనుకుంటాడో అని మొహమాటం ఒకటి. ఇంకోచోట 2020 నాటి 125 సీసీ బండి కూడా చూశాను, దానికి రెండు పక్కలా డ్రమ్మే. రెండిట్లో ఏది మేలు?
– ఒక ఉపాధ్యాయుడు, చోడవరం

జవాబు:

మాస్టారూ, ముందు మొహమాటం సంగతి తేల్చేద్దాం. ‘రోజూ ఘాట్ దిగాలి, బ్రేకులు చూపించుకోందే కొనడానికి వీల్లేదని మా ఇంటావిడ పట్టుబట్టింది’ అని నెపం ఆవిడ మీద పెట్టేయండి. మన దగ్గర దీనికి మించిన సాకు లేదు, ఎవరూ ఎదురు చెప్పరు. అప్పటికీ తోడల్లుడు ముఖం ముడుచుకుంటే రెండు రోజులు ముడుచుకుంటాడు. మీరు ఆ బండి మీద కనీసం నాలుగైదేళ్లు తిరగాలి.

ఇక అసలు విషయం. కొత్త ప్యాడ్లు (డిస్క్‌ను నొక్కి పట్టే బిళ్లలు) వేశానన్నది అబద్ధమని నేననను. నిజంగానే వేసి ఉంటాడు. బ్రేకు పనుల్లో అన్నిటికన్నా చౌకది అదే, షెడ్డులో అరగంట పని. అమ్మకానికి పెట్టే ముందు సీటు కవరు మార్చినట్టే ప్యాడ్లూ మారుస్తారు. అందుకని ఆ ప్యాడ్ల వంక చూస్తే మీకు తెలిసేది తక్కువ. 2019 నుంచీ ఆ బండి మీదే ఉన్నవి వేరే ఉన్నాయి: డిస్క్ ప్లేటు, బ్రేక్ ఆయిల్, మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను కిందికి తోసే పంపు), రబ్బరు పైపు, వెనక డ్రమ్ము. ఆరా తీయాల్సింది వాటిని.

పొద్దున్నే వెళ్లండి. నేను వచ్చేదాకా బండి తీయొద్దని ముందురోజే ఫోన్లో చెప్పండి. ఫోన్ టార్చి చాలు, ఒక గుడ్డ ముక్క, చిన్న సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి. మీ స్కూలు సైన్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ ఉంటే అదీ సంచిలో వేసుకోండి, పనికొస్తుంది.

బండి దగ్గరికి వెళ్లగానే ముందు బ్రేక్ లివర్ పక్కన, హ్యాండిల్ మీద ఉన్న చిన్న డబ్బా చూడండి. బ్రేక్ ఆయిల్ ఉండేది అందులోనే. దానికి ఒక చిన్న గాజు కిటికీ, అందులో ‘లోయర్’ అని ఒక గీత ఉంటాయి. హ్యాండిల్ తిన్నగా తిప్పి డబ్బా మట్టంగా ఉండేట్టు చేసి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. కొత్త ఆయిల్ దాదాపు నీళ్లలా తేటగా, లేదంటే లేత పసుపుగా ఉంటుంది. టీ డికాషన్ రంగుకి తిరిగిందంటే ఏళ్ల తరబడి ఎవరూ మార్చలేదన్నమాట. మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలి.

ఆ కిటికీలోనే ఇంకో కిటుకు ఉంది, చాలామంది పట్టించుకోరు. ప్యాడ్లు అరిగే కొద్దీ క్యాలిపర్లోని (ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కి నొక్కే భాగం) పిస్టన్ బయటికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి ఆయిల్ దిగి పైన డబ్బాలో మట్టం తగ్గుతుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ను లోపలికి నెట్టాలి, అప్పుడు ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. అంటే నిజంగా మొన్ననే కొత్త ప్యాడ్లు వేసిన బండిలో మట్టం బాగా పైకే ఉండాలి. ‘లోయర్’ గీత దగ్గర ఊగుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా కొత్త ప్యాడ్ల మాట నిజం కాదు. ‘ప్యాడ్లు కొత్తవి అన్నారు, మరి ఆయిల్ ఇంత కిందికి ఎందుకుంది?’ అని మామూలు గొంతుతో అడిగి ఊరుకోండి. జవాబు కన్నా అతని ముఖమే ఎక్కువ చెబుతుంది.

డబ్బా కిందా, లివర్ చుట్టూ పెయింటు పొక్కులు లేచి ఊడిందేమో చూడండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. అక్కడ పెయింటు పోయిందంటే ఎప్పుడో కారినట్టే. మూత మీది స్క్రూల తలలు నలిగిపోయి ఉంటే చేయి తిరగనివాళ్లెవరో విప్పారనుకోవాలి.

ఇప్పుడు లివర్ నొక్కండి. ఒక్కసారి నొక్కి వదిలేస్తే ఏమీ తెలియదు. బాగున్న డిస్క్ బ్రేక్ లివర్ కొంచెం దూరం వచ్చి రాయిలా ఆగాలి. మెత్తగా, స్పాంజి నొక్కినట్టుంటే లైన్లో గాలి ఉంది. మొదటిసారి మెత్తగా ఉండి, గబగబా నాలుగుసార్లు కొట్టాక గట్టిపడినా అనుమానం గాలి మీదకే పోవాలి. అందుకే మీకు ఇచ్చే ముందు అతను లివర్ను టపటపా కొట్టడం చూస్తే, కబుర్లలో పెట్టి ఐదు నిమిషాలు ఆగి అప్పుడు నొక్కండి. ముందురాత్రి లివర్ను తాడుతో గ్రిప్‌కి కట్టేసి ఉంచితే పొద్దుటికి గట్టిగా అనిపిస్తుంది, అదొక పాత చిట్కా. దానికి విరుగుడుగా సాయంత్రం మళ్లీ ఒకసారి చూస్తానని చెప్పండి.

తర్వాత లివర్ను గట్టిగా పట్టుకుని ముప్ఫై అంకెలు లెక్కపెట్టండి. పట్టు సడలించకూడదు. ఆ ముప్ఫై లోపల లివర్ కొంచెం కొంచెంగా గ్రిప్ వైపు దిగిపోతూ ఉంటే, బయట ఎక్కడా ఆయిల్ చుక్క కనబడకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు పోయాయి. ఇది ట్రాఫిక్‌లో బయటపడదు. సిగ్నల్ దగ్గర రెండు సెకన్లు నొక్కి వదిలేస్తాం కదా. మలుపు తర్వాత మలుపుగా బ్రేకు పట్టుకునే ఘాట్‌లో బయటపడుతుంది. మీ విషయంలో ఈ ఒక్క పరీక్షే మిగతా వాటికన్నా ముఖ్యం.

పై నుంచి కిందికి రబ్బరు పైపును వేళ్లతో తడుముతూ రండి. హ్యాండిల్‌ను పూర్తిగా అటూ ఇటూ తిప్పి, వంపు తిరిగే చోట పగుళ్లున్నాయేమో చూడండి. పైపు చివర్లలో బోల్టుల దగ్గర గుడ్డ పెట్టి తుడిస్తే తడి అంటకూడదు.

డిస్క్ దగ్గరికి వద్దాం. బొటనవేలి గోరును డిస్క్ మధ్య నుంచి అంచు దాకా అడ్డంగా లాగండి. సన్నని గీతలు మామూలే. గోరు దిగబడేంత గాడులుంటే మంచిది కాదు. బయటి అంచు దగ్గర ప్యాడ్లు తాకని చోట ఒక గట్టు ఉంటుంది. గోరు ఆ గట్టుకి టక్కున తగిలి ఆగిందంటే డిస్క్ బాగా అరిగింది. అలా అరిగిన డిస్క్ మీద మెరిసే కొత్త ప్యాడ్లు కనబడితే కథ తెలిసిపోతుంది. చౌక పని చేయించాడు, ఖరీదైంది మీకు వదిలాడు. చాలా డిస్కుల మీద కనీసం ఎంత మందం ఉండాలో మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. వెర్నియర్ తెస్తే అంచును వదిలేసి, ప్యాడ్లు రాసుకునే చోట కొలవండి. గట్టును కూడా కలిపి కొలిస్తే అసలున్న దానికన్నా మందంగా చూపిస్తుంది. చెక్కిన అంకె కన్నా తక్కువొస్తే కొత్త డిస్క్ ఖర్చు బేరంలో తగ్గించాల్సిందే. డిస్క్ మీద నీలం మచ్చలుంటే బాగా వేడెక్కి కాగిన గుర్తు.

క్యాలిపర్లోకి టార్చి వేస్తే డిస్కుకి రెండు పక్కలా ప్యాడ్లు కనిపిస్తాయి. రెండిటి మందమూ ఒకేలా ఉండాలి. ఒకటి నిండుగా, ఇంకోటి పలచగా ఉంటే క్యాలిపర్ పిన్నులు జామ్ అయ్యాయి, లేదంటే పిస్టన్ పట్టేసింది. వర్షాల్లో తిరిగి, ఆ తర్వాత నెలల తరబడి మూలన పడున్న బండ్లకి ఇది తరచూ వస్తుంది. ఆ పక్కనే ముందు ఫోర్కు గొట్టం మీద చేయి పెట్టి చూడండి. నూనె తగిలితే ఆయిల్ సీల్ పోయింది. అక్కణ్నుంచి కారిన నూనె క్యాలిపర్ మీదికి, ప్యాడ్ల మీదికి చేరితే మొన్న వేసిన కొత్త ప్యాడ్లు కూడా ఎందుకూ పనికిరావు. నూనె తాగిన ప్యాడును కడిగితే బాగవ్వదు, మార్చాల్సిందే.

సెంటర్ స్టాండ్ వేసి, ఒకరిని వెనక కూర్చోబెడితే ముందు చక్రం పైకి లేస్తుంది. లివర్ గట్టిగా నొక్కి వదిలి, చేత్తో చక్రం తిప్పండి. సన్నగా సుర్రుమని శబ్దం వస్తూ కొన్ని చుట్లు తిరిగితే ఫర్వాలేదు. సగం చుట్టుకే ఆగిపోతే బ్రేకు వదలడం లేదు. తిరిగేటప్పుడు డిస్క్ అటూ ఇటూ ఊగుతుంటే వంగింది.

ఇక వెనక డ్రమ్ము. నా అనుభవం చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి. తొంభైల్లో నేను కొన్న మొదటి సెకండ్ హ్యాండ్ బండి వంద సీసీది, రెండు పక్కలా డ్రమ్ములే. అమ్మినాయన తన ఇంటి సందులోనే తోలి చూపించాడు. బ్రేకు పట్టిందంటే పట్టింది. మర్నాడు రైల్వే గేటు వేస్తుంటే ముందు చెరకు బండి ఆగింది. వెనక బ్రేకు తొక్కితే పెడల్ అలా కిందికి పోతూనే ఉంది. చెప్పులు నేలకేసి రాసుకుంటూ ఎలాగో ఆగాను, చెరకు గడలు హెడ్‌లైటుకి జానెడు దూరం. షెడ్డులో చక్రం విప్పితే డ్రమ్ముకి లోపలి నుంచి ఒరుసుకుని ఆపే బ్రేకు షూల లైనర్ మొత్తం పోయి లోహం కనిపిస్తోంది. అయినా బయటికి ఎందుకు తెలియలేదో ఆ మెకానిక్ చూపించాడు. బ్రేకు రాడ్డు చివర ఉండే సర్దుబాటు నట్టును మరల ఆఖరుదాకా బిగించేశారు. అదీ చాలక, డ్రమ్ము ప్లేటు మీద రాడ్డు లాగే చిన్న చేయి ఉంటుంది కదా, దాన్ని విప్పి ఒక పన్ను వెనక్కి జరిపి మళ్లీ బిగించారు. దాంతో షూలు అరగనట్టే పెడల్ పైకి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచీ ఏ డ్రమ్ము బండి చూసినా నా కళ్లు ముందు ఆ నట్టు మీదికే పోతాయి.

మీరూ అదే చూడండి. నట్టు దాటి రాడ్డు మర చాలా పొడవున బయటికొచ్చి ఉంటే షూల ఆయుష్షు అయిపోవచ్చింది. డ్రమ్ము ప్లేటు మీద చిన్న బాణం గుర్తు, దానికి ఎదురుగా ఇంకో గీతో గుర్తో ఉంటాయి. ఎవరైనా పెడల్ గట్టిగా తొక్కి ఉంచితే ఆ బాణం ఎక్కడ ఆగుతుందో చూడండి. హద్దు గీతకి చేరిందంటే షూలు మార్చాలి. ఆ చేయి మీద, అది కూర్చున్న ఇరుసు చివర చిన్న చుక్కల్లాంటి పంచ్ గుర్తులు ఉంటే అవి రెండూ ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే నా బండికి చేసిన పనే దానికీ చేశారు. పెడల్ మామూలుగా రెండు మూడు సెంటీమీటర్లు దిగాక పట్టడం మొదలవ్వాలి.

డ్రమ్ము ప్లేటు నుంచి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) దాకా ఒక ఇనప పట్టీ ఉంటుంది. టార్క్ రాడ్ అంటారు. బ్రేకు వేసినప్పుడు చక్రంతోపాటు ప్లేటు తిరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. దాని బోల్టులకి నట్టు ఊడకుండా గుచ్చే కాటర్ పిన్ను ఉందా? టైరు పంక్చర్ వేసినప్పుడు విప్పి, మళ్లీ పెట్టడం మరిచిపోయిన బండ్లు ఎన్నో చూశాను. పైసల్లో దొరికే పిన్ను అది. అది లేక నట్టు ఊడి ఆ పట్టీ జారిందంటే బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగి రాడ్డును లాగేస్తుంది, చక్రం పట్టేస్తుంది.

బ్రేకు లైటు వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు, ఎవరైనా చెబుతారు. లివర్‌కీ వెలగాలి, పెడల్‌కీ విడిగా వెలగాలి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేసి జారకుండా చూసే ఏర్పాటు) గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది. 125 సీసీ దాటిన బండ్లు 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైతే ఏబీఎస్ తప్పనిసరి. మీ బండి ఆగస్టులో రిజిస్టరైంది కాబట్టి ఉండే ఉంటుంది, అయితే పాత స్టాకు తర్వాత అమ్మి ఉండొచ్చు. ఆర్సీలో తయారైన నెల చూడండి. పల్సర్ 150లో ఏబీఎస్ ముందు చక్రానికే, వెనక డ్రమ్ముకి ఉండదు. వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం జారడం లోపం కాదు, అది ఆ బండి తీరే.

ఏబీఎస్ ఉన్న బండైతే తాళం తిప్పగానే మీటర్లో ఏబీఎస్ దీపం వెలగాలి. బండి నడక వేగం దాటి కాస్త ముందుకెళ్లాక ఆరిపోవాలి. పోనిస్తున్నా ఆరకపోతే సెన్సారో, దాని వైరో, చక్రం మీది పళ్ల చట్రమో చెడింది. మామూలు బ్రేకు పనిచేస్తుంది గానీ జారకుండా కాపాడేది ఉండదు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటి. తాళం తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోవడం. ‘మన బండికి ఏ లైటూ రాదండీ, అంత కండిషన్’ అంటారు. దీపాన్ని పీకేశారు, లేదా మీటరు విప్పి నల్ల టేపు అంటించారు. అలాంటి చోట ఇంకేమీ చూడకుండా టీ తాగి వచ్చేయండి. ఒక దీపం దాచినవాడు ఇంకేం దాచాడో వెతికే ఓపిక మీకెందుకు?

ఇవన్నీ చూశాకే ట్రయల్ వేయండి. ముందు బండికి ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో కాగితం చూడండి. హెల్మెట్ మీదే పట్టుకెళ్లండి. ఖాళీగా, తిన్నగా, ఇసుక లేని రోడ్డు చూసుకోండి. అనకాపల్లిలో అలాంటిది పొద్దున్నే అయితేనే దొరుకుతుంది. మొదట ఇరవై వేగంలో ముందు బ్రేకు ఒక్కటే, తర్వాత వెనకది ఒక్కటే, ఆపైన నలభైకి వెళ్లి రెండూ కలిపి. బండి ఒక పక్కకి లాగకూడదు. లివర్ వేలి కింద లబ్‌డబ్ అని కొట్టుకుంటే డిస్క్ వంగిందనో, ఎగుడుదిగుడుగా అరిగిందనో లెక్క. ముందు బ్రేకు వేసినప్పుడల్లా హ్యాండిల్ మెడ దగ్గర టక్ టక్ అంటే అది బ్రేకు తప్పు కాదు, కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) వదులైంది. దాని ఖర్చూ బేరంలోకి వస్తుంది.

తర్వాత ఓ రెండు కిలోమీటర్లు ముందు బ్రేకు దాదాపు వాడకుండా, వెనక దానితోనే నడిపి ఆగండి. సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు ముందు డిస్క్ మీద వేయండి. చెయ్యి మాత్రం పెట్టకండి, వేడిగా ఉంటే కాలుతుంది. వాడని డిస్క్ మీద నీళ్లు చుయ్యిమన్నాయంటే ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూనే ఉన్నాయి.

చివరగా వేడి పరీక్ష. తెలియని బ్రేకులతో ఘాట్ ఎక్కొద్దు. తిన్నని రోడ్డు మీదే నలభై నుంచి పూర్తిగా ఆగేదాకా బ్రేకు వేయడం, మళ్లీ అందుకోవడం, మళ్లీ ఆపడం. ఇలా ఎనిమిది పదిసార్లు, వెనక ఎవరూ రానప్పుడు. మొదటిసారి లివర్ ఎక్కడ ఆగిందో, పదోసారీ ఇంచుమించు అక్కడే ఆగాలి. ఆగీ ఆగగానే మళ్లీ ఆ ముప్ఫై లెక్కపెట్టండి.

పదోసారి లివర్ మెత్తబడితే కారణం చాలావరకు పాత ఆయిలే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే ఆయిల్‌కి దాదాపు నాలుగు శాతం నీరు పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే క్యాలిపర్ కాగుతుంది, ఆయిల్లోని నీరు ఆవిరి బుడగలవుతుంది. ఆయిల్‌ను నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. అందుకే అంతవరకూ బాగున్న లివర్ ఒక్క మలుపులో గ్రిప్‌కి తగిలిపోతుంది. కాసేపు ఆపి చల్లారనిస్తే మళ్లీ గట్టిపడుతుంది. షెడ్డుకి తీసుకెళ్లేసరికి ఏ లోపమూ కనిపించదు, ‘మీ భ్రమ సార్’ అంటారు.

ఇదంతా చదివి బండి వద్దనుకోకండి. ఆయిల్ నల్లబడటం, ప్యాడ్లు, షూలు, మాస్టర్ సిలిండర్ కిట్, పైపు ఇవన్నీ మార్చుకునేవే. మీ మెకానిక్‌తో ఖర్చు కాగితం మీద రాయించి, ఆ మేరకు ధర తగ్గించమనండి. డిస్క్ కొంచెం ఎక్కువవుతుంది, అయినా ఫర్వాలేదు. ఏబీఎస్ యూనిట్ చెడిందంటే మాత్రం ఖర్చు వేలల్లోకి పోతుంది. దాని ధర షోరూములో అడిగి తెలుసుకోకుండా బేరం ముగించవద్దు.

రెండో బండి మాట. 2020 నాటి రూల్ ప్రకారం 125 దాకా ఉన్న బండ్లకి ఏబీఎస్ బదులు సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటు) ఉంటే చాలు. పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పట్టాలి. స్టాండ్ వేసి ఎవరితోనైనా పెడల్ గట్టిగా తొక్కించి, ముందు డ్రమ్ము దగ్గరి చేయి కదులుతోందో లేదో చూడండి. కొందరు ఆ కేబుల్ విప్పేస్తారు. మీ దారికి మాత్రం నేను ముందు డిస్క్ ఉన్న బండికే ఓటేస్తాను. దిగేటప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. డిస్క్ గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. డ్రమ్ము కాగితే బయటికి వ్యాకోచించి షూలకి దూరమవుతుంది, తొక్కేకొద్దీ పెడల్ దిగిపోతుంది. పాడేరు వైపు వానల్లో డ్రమ్ములోకి నీరు చేరితే మొదటి రెండు మూడు తొక్కులు ఊరికే పోతాయి. అయితే పల్సర్ ఆ ముప్ఫై అంకెల పరీక్షలో తప్పి, దాన్ని బాగుచేయించడానికి అతను ఒప్పుకోకపోతే, షూలు నిండుగా ఉన్న డ్రమ్ము బండే కొనుక్కోండి. నిదానంగా దిగుదురుగాని.

బేరం కుదిరితే ఆర్సీ బదిలీకి ఫారం 29, 30 మీద ఆ రోజే సంతకాలు తీసుకోండి. ఫైనాన్స్ మీద కొన్న బండైతే ఫారం 35 కూడా అడగండి. పెండింగ్ చలానాలు బండి నంబరుతో చూసుకోండి. ఆ తర్వాత ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా షెడ్డుకి తీసుకెళ్లి బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఏ రకం పోయాలో డబ్బా మూత మీదే ఉంటుంది. సీల్ ఉన్న కొత్త సీసా మీ కళ్లముందే విప్పమనండి. ఎప్పుడో మూత తీసి అరలో పెట్టిన సగం సీసా వద్దు, అదీ తేమ పీల్చే ఉంటుంది. వెనక చక్రం విప్పించి షూలు మీ కళ్లతో చూడండి.

ప్యాడ్లు నిజంగా కొత్తవైతే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు డిస్కుకి పూర్తిగా అతుక్కోవు, పట్టు కాస్త తక్కువగా ఉంటుంది. ఓ వారం చోడవరం, మాడుగుల మధ్యే తిప్పి, ఆ తర్వాతే ఘాట్‌కి తీసుకెళ్లండి. దిగేటప్పుడు పాత డ్రైవర్లు చెప్పేదే చేయండి, ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లో దిగండి. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్లో జారుతూ దిగేవాళ్లు మీకు రోజూ కనిపిస్తారు. వాళ్ల బ్రేకులు ఒక్కటే మొత్తం బరువును మోస్తుంటాయి. మీరు ఆ పని చేయకండి. మొదటి రోజు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర దణ్ణం పెట్టుకోవడానికి ఎలాగూ ఆగుతారు కదా, బండెక్కే ముందు లివర్ ఒకసారి నొక్కి చూసుకోండి. పొద్దున ఇంట్లో ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతోందా అని.